సొన్నప్ప మేకు మీద బిళ్ళ

ఈ రోజు బోర్డు నిండుగా ఉండాలి అనుకుంటూ నిద్ర లేచాడు ప్రహ్లాద. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా అదే అడిగాడు. ఆరోగ్యం, ఆయుష్షు లాంటి చిల్లర కోరికలను రేపటికి వాయిదా వేశాడు.

ఊరంతా లాక్‌డౌన్‌లో ఉంది. అది రెండో విడత. మొదటి విడతలో జనం భయపడి ఇళ్ళలో కూర్చున్నారు. ఈసారి అంబులెన్సు కూతలు విని విని ఇళ్ళలో కూర్చుని భయపడుతున్నారు. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ప్రహ్లాద ఉండేది పాత గని కార్మికుల ఇళ్ళ వరుసలో; దాన్ని లైను అంటారు. ఇళ్ళన్నీ గోడకు గోడ అతుక్కుని ఉంటాయి. ఈ ఇంట్లో పోపు వేస్తే పక్కింట్లో తుమ్ముతారు. అయినా సరే, లైను చివరింటి జయలక్ష్మమ్మ టీచరు జ్వరంతో మంచం మీద పడి ఉంటే ఎవరికీ తెలియలేదు. వాకిట్లో నిన్నటి పాలప్యాకెట్టు అలాగే పడి ఉండడం చూసి పాలవాడు కేక వేస్తే అప్పుడు తెలిసింది. ఆమె కోలుకుంది గానీ లైనంతటికీ సిగ్గేసింది. ప్రహ్లాద బోర్డు ఆ సిగ్గులోంచి పుట్టింది.

గని మూతపడక ముందు ప్రహ్లాద టైమ్ ఆఫీసులో గుమాస్తా. బావి అని పిలిచే వాళ్ళ గనిలో పద్ధతి ఇది. కిందికి దిగే ప్రతి మనిషీ బోర్డు మీది నుంచి తన నంబరున్న ఇత్తడి బిళ్ళ తీసుకుని దిగాలి. పైకొచ్చాక దాన్ని మళ్ళీ తన మేకుకే తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. వాడు ఎదురుగా నిలబడి బీడీ కాలుస్తున్నా సరే, బిళ్ళ లేకపోతే కింద ఉన్నట్టే. అలాంటివాణ్ణి వెతకడానికి ఇంకొకడు దిగాల్సి వస్తే, తన బిళ్ళను ఆ ఖాళీ మేకుకు తగిలించి దిగేవాడు. ఫలానా వాడి కోసం నేను పోయాను, ఇద్దర్నీ గుర్తుపెట్టుకోండి అని దాని అర్థం.

ఈ పద్ధతినే ప్రహ్లాద వీధి కొళాయి దగ్గరి గోడ మీదికి తెచ్చాడు. ఒక పలక, దాని మీద ఇంటికొక మేకు. పాత బిళ్ళలు జ్ఞాపకంగా దాచుకున్నవాళ్ళు వాటిని తెచ్చారు. లేనివాళ్ళు డబ్బా మూతలకు చిల్లు పెట్టుకున్నారు. రాత్రికి బిళ్ళ ఇంటికి పోవాలి, పొద్దున ఎనిమిది లోపల మేకెక్కాలి. ఎక్కకపోతే ప్రహ్లాద స్వయంగా పోయి ఆ ఇంటి తలుపు తట్టి, ఎలా ఉన్నారని అడగాలి. గడప మాత్రం దాటకూడదు. ఒకరి గడప ఒకరు తొక్కకూడదన్నదీ ఆయన పెట్టిన రూలే.

ఈ సంగతి ఆశా కార్యకర్త రక్షిత ద్వారా డాక్టరమ్మ చెవిన పడింది. మిగతా లైన్లలో కూడా పెట్టించవచ్చేమో చూద్దామని ఆ రోజు తొమ్మిదింటికి ఆమే వస్తానంది. గని పోయాక ప్రహ్లాదను ఏదైనా చూపించమని అడిగినవాళ్ళు లేరు. అందుకే ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"ఏమండీ, స్నానాల గది గడియకు నూనె వేయమని చెప్పి ఎన్ని దినాలాయె? తుప్పు పట్టి బిగుసుకోని ఉండాది" అంది మంగళ, టీచరు ఇంటికి పంపాల్సిన ఉప్మా డబ్బాలో సర్దుతూ.

"లాక్‌డౌన్ అయిపోనీ. వేస్తాను."

"లాక్‌డౌన్‌కూ గడియకూ ఏమి సంబంధము?"

"నూనె అంగడి తెరవాల గదా."

"వంటింట్లో ఉండేది నీళ్ళా?"

"అది తినే నూనె" అన్నాడు ప్రహ్లాద గంభీరంగా. "ఈ దినం నాకు వేరే పని ఉండాది. డాక్టరమ్మ వచ్చేటప్పటికి బోర్డు నిండుగా కనపడాల."

"మీరు బోర్డు చూసుకోండి. నేను టీచరమ్మకు ఇది ఇచ్చి, అట్లే మామిడికాయల బండి దగ్గరికి పోయి వస్తాను." మంగళ మాస్కు తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఎనిమిదయ్యేసరికి బోర్డు మీద ఇత్తడి, రేకు, స్టీలు అన్నీ తళతళలాడుతున్నాయి. ప్రహ్లాద తన బిళ్ళ కూడా తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. కడుపు నిండింది. మరుక్షణం కళ్ళు నడిమి వరుస మీద పడి, నిండిన కడుపు ఖాళీ అయింది. అక్కడొక మేకు బోసిగా ఉంది.

అది సొన్నప్ప మేకు.

ఇంకెవరి మేకైనా ప్రహ్లాద ఈపాటికి తలుపు తట్టేసి ఉండేవాడు. కానీ సొన్నప్పతో ఆయన మాట్లాడి యుగాలు గడిచాయి. సొన్నప్ప గనిలో టింబర్ మేస్త్రి, పైకప్పు విరిగిపడకుండా కింద దుంగలు నిలబెట్టే పని ఆయనది. ఇద్దరూ ఒకప్పుడు ఒకే లోటాలో కాఫీ పంచుకున్నవాళ్ళు. ఒక సాయంత్రం షిఫ్టు ముగించి పైకొచ్చిన సొన్నప్ప, సుగటూరు పల్లెలో తన ఆవు ఈనుతోందని కబురొస్తే ఆ తొందరలో బిళ్ళను జేబులోనే వేసుకుని సైకిలెక్కేశాడు. మేకు ఖాళీ. ప్రహ్లాద సైరను మోగించాడు. తెల్లారేదాకా మనుషులు బావిలో గాలించారు. పొద్దున జున్నుపాల క్యానుతో లైనులోకి వచ్చిన సొన్నప్పకు తన ఇంటి ముందు జనం, లోపల తన కోసం శోకాలు ఎదురయ్యాయి.

"బతికుండంగానే నాకు ఏడుపులు పెట్టించినావు గదప్పా" అన్నాడు సొన్నప్ప.

"బిళ్ళ జేబులో పెట్టుకోని పోయినవాడిది తప్పా, మేకు చూసినవాడిది తప్పా?" అన్నాడు ప్రహ్లాద.

వాళ్ళిద్దరి మధ్య చివరి మాటలు అవే. మధ్యలో పిల్లలు పెరిగారు, గని మూతపడింది, జుట్లు నెరిశాయి. ఇద్దరి మధ్యా ఇటుక గోడ ఒకటీ, మౌనం ఒకటీ మిగిలాయి. రెంటిలో ఇటుక గోడే పలచన. సొన్నప్ప భార్య ఆ గోడ పక్కనుంచే మంగళకు కూరలు అందించేది. ఆమె కూతురి దగ్గరికని సుగటూరు వెళ్ళి లాక్‌డౌన్‌లో అక్కడే చిక్కుకుపోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో సొన్నప్ప ఒక్కడే.

ప్రహ్లాద సొన్నప్ప తలుపు దాకా వెళ్ళాడు. చెయ్యి ఎత్తాడు. తట్టాక ఏమనాలి? 'ఎట్లుండావు సొన్నప్పా' అనాలి. ఇన్నేళ్ళ మౌనాన్ని ఒక ప్రశ్నతో ముగించాలా? అదీ తానే? లోపలినుంచి దగ్గు వినిపించింది, ఆరోగ్యమైన దగ్గు. కాఫీ వాసన కూడా వచ్చింది. మనిషి నిక్షేపంగా ఉన్నాడు, బిళ్ళ తగిలించడానికే బద్ధకం. అప్పుడు జేబు, ఇప్పుడు బద్ధకం. చెయ్యి దించేశాడు.

బోర్డు దగ్గరికి తిరిగొచ్చి అటూ ఇటూ చూసి, ప్రహ్లాద తన ఉద్యోగ జీవితంలో ఏనాడూ చేయని పని చేశాడు. మూల మేకు మీది తన బిళ్ళను తీసి సొన్నప్ప మేకుకు తగిలించాడు. డాక్టరమ్మ వచ్చినప్పుడు తన ఖాళీ మేకుకు అడ్డంగా తానే నిలబడితే సరి. బోర్డు నిండుగానే ఉంటుంది.

సరిగ్గా అప్పుడే సొన్నప్ప తలుపు కిర్రుమంది.

దొంగకు తేలు కుట్టినట్టయింది ప్రహ్లాదకు. ఇంటి ముందుగా పోతే ఎదురుపడతాడని సందులోకి దూరి, ఇళ్ళ వెనక గల్లీలోంచి పరుగెత్తాడు. స్నానాల గది గోడ మొదట్లో పందికొక్కు తవ్విన బొరియ ఉంది. ఎడమ కాలి చెప్పు అక్కడి బురదలో దిగబడి ఉండిపోయింది. దాన్ని పీకే ధైర్యం లేక, ఒంటి చెప్పుతోనే పెరటి తలుపులోంచి లోపలికొచ్చి, స్నానాల గదిలో దూరి, ఎప్పుడూ ఓరగా మూసే తలుపుకు ఆ రోజు గడియ కూడా గట్టిగా దూర్చాడు.

గుండె దడ తగ్గాక, తాను చేసింది అంత పెద్ద నేరమేం కాదని తీర్మానించుకుని గడియ లాగాడు. రాలేదు. రెండు చేతులా లాగాడు. కాలు గోడకు తన్నిపెట్టి లాగాడు. గడియ తుప్పు రాల్చింది గానీ చోటు మారలేదు.

"మంగళా!" అని పిలిచాడు. ఆమె మామిడికాయల బండి దగ్గర బేరంలో ఉందని గుర్తొచ్చింది. మంగళ బేరం మొదలుపెడితే కాయ పండేదాకా తేలదు.

ఇక పిలవడానికి గోడ అవతల మిగిలింది ఒక్కడే. ఆ పేరు నాలుక చివరి దాకా వచ్చి, మళ్ళీ మింగుడుపడింది. తలుపు బయట నిలబడి పిలవలేనివాడు తలుపు వెనక ఇరుక్కుని పిలుస్తాడా? దాని బదులు ఎవరో ఒకరికి వినపడితే చాలని, ఇత్తడి చెంబు తీసుకుని నీళ్ళ పైపు మీద తట్టాడు. ఆ పైపు లైనులోని ఇళ్ళన్నిటి వెనకగా పోతుంది. టంగ్, టంగ్, టంగ్.

కాసేపు ఆగి మళ్ళీ తట్టాడు. ఈసారి పైపులోంచి జవాబు వచ్చింది. టంగ్, టంగ్, టంగ్.

ప్రహ్లాదకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఆ తట్టు ఎవరిదో తెలిసి ప్రాణం కిందికి దిగింది. కేజీఎఫ్‌లో పైపు మీద తట్టు వింటే పాతవాళ్ళకు తోచేది ఒకటే: రాళ్ళ కింద మనిషి చిక్కుకున్నాడు, బతికే ఉన్నాడు. అది సొన్నప్పకు తెలిసినంతగా లైనులో ఇంకెవరికీ తెలియదు.

ఆ తర్వాత అడుగుల చప్పుడు కొళాయి వైపు పరుగెత్తింది, తిరిగి వచ్చింది, వెనక గల్లీలోకి మళ్ళింది. లైను చివర వేలాడదీసిన రైలు పట్టా ముక్కను ఎవరో గణగణా వాయించారు. ప్రహ్లాద బక్కెట్టు బోర్లించి, దాని మీదికెక్కి, పైనున్న చిన్న వెంటిలేటరులోంచి చూశాడు. గల్లీలో సొన్నప్ప గడ్డపారతో నిలబడి ఉన్నాడు. కళ్ళనుంచి నీళ్ళు కారి మాస్కు తడిసిపోతోంది.

"అందురూ రండప్పా! ప్రహ్లాదప్ప నేల లోపలికి పోయినాడు!"

జనం ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకుంటూ వచ్చారు. సొన్నప్ప బొరియను చూపించాడు. దాని అంచున ప్రహ్లాద ఎడమ చెప్పు ఉంది. ఆ బొరియలో పందికొక్కు తప్ప ఇంకేమీ పట్టదు, అది కూడా కాస్త బక్కదైతేనే. కానీ ఆ ఊళ్ళో కాళ్ళ కింద ఎంత నేల ఉందో, ఎంత బోలు ఉందో అందరికీ తెలుసు. అందరూ ఒక్కసారిగా నాలుగడుగులు వెనక్కి వేశారు.

"ఈడ కింద పాత సొరంగం ఉండాది. నేనే దుంగలు నిలిపినాను" అన్నాడు సొన్నప్ప.

"అంతా ఒకచోట నిలబడొద్దు! బరువుకు ఇంగా కుంగుతాది! ఎడం ఎడంగా నిలబడండి!" అని చివరింటి జయలక్ష్మమ్మ టీచరు ఉప్మా డబ్బా పట్టుకునే ఆజ్ఞాపించింది. ఇన్నాళ్ళుగా సర్కారు మైకులు పెట్టి చెప్పినా పాటించని దూరాన్ని ఆ లైను ఆ రోజు అక్షరాలా పాటించింది.

"అసలు ఎట్ల పోయినాడు లోపలికి?" అని అడిగాడు అనంత్. అతను ఇంటినుంచే ఆఫీసు పని చేసే కుర్రాడు. చెవిలో మీటింగు నడుస్తుండగానే వచ్చేశాడు.

"నా కోసం పోయినాడప్పా" అన్నాడు సొన్నప్ప. "నా మేకు ఖాళీగా ఉండె. నాకేమో అయిందనుకున్యాడు. చూడండి పోయి, ఆయప్ప బిళ్ళ నా మేకుకు తగిలిచ్చి ఉండాది. ఆయప్ప మేకు ఖాళీ. గనిలో మాదిరే, నన్ను వెతికేదానికి దిగినాడు. ఇన్నేండ్లు మాట్లాడకపోతేనేమి, మనసులో నన్ను పెట్టుకోనే ఉన్యాడు."

బక్కెట్టు మీద నిలబడిన ప్రహ్లాదకు అప్పుడు గుర్తొచ్చింది. వెతకడానికి దిగేవాడి బిళ్ళ సంగతి తానెలా మరిచిపోయాడు? టైమ్ ఆఫీసు కిటికీ దగ్గర కూర్చుని అవన్నీ చూసినవాడు తానే కదా. ఇప్పుడు కేక వేస్తే ఏమని వేయాలి? 'నేను నీ కోసం దిగలేదు, నీ తలుపు తట్టడం తప్పించుకుని స్నానాల గదిలో దాక్కున్నాను' అనా? ఆయన నెమ్మదిగా తల దించుకుని బక్కెట్టు దిగాడు. కాసేపు ఆగితే జనం విసుగెత్తి పోతారు, అప్పుడు చూసుకోవచ్చు.

"తట్టు ఆగిపోయింది!" అని బయట సొన్నప్ప గోలపెట్టాడు. "అయ్యో, ఊపిరి ఆడ్తా ఉండాదో లేదో!"

గడ్డపార దెబ్బలు మొదలయ్యాయి. ప్రహ్లాద గబగబా చెంబు అందుకుని పైపు మీద తట్టాడు.

"బతికే ఉన్యాడు!" అని గల్లీ అంతా చప్పట్లు కొట్టింది.

ఇక అడకత్తెరలో పోకచెక్క అయింది ఆయన పరిస్థితి. తట్టితే, ఉన్నాడని తవ్వుతున్నారు. తట్టకపోతే, పోతున్నాడని ఇంకా జోరుగా తవ్వుతున్నారు. ఇంతలో అనంత్ ఫోనులో గ్రూపుకు పెట్టిన కబురు నాలుగు లైన్లు తిరిగి, పెరిగి వెనక్కి వచ్చింది.

"పక్క లైనులో రెండు ఇండ్లు కుంగినాయంట" అని చదివాడు అనంత్.

"పక్క లైను అంటే మనదే" అంది టీచరు.

"అట్లనా? అయితే మన ఇండ్లు రెండు కుంగినాయంట."

అప్పుడు వచ్చింది మంగళ, సంచి నిండా మామిడికాయలతో. విషయం విని సంచి వదిలేసింది. కాయలు గల్లీ పొడుగునా దొర్లాయి.

"పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కున్యారే!" అని గోడకు జారబడి ఏడ్చింది. "ఉప్మా కూడా తినల్లేదే! నూనె వేయలేదని ఊరికే సణిగినానే!"

లోపల ప్రహ్లాద చెంబు కింద పెట్టేశాడు. ఇక చాలు, పరువు పోతే పోయింది అనుకుని నోరు తెరిచాడు. అదే క్షణంలో గడ్డపార నేలలో దేన్నో ఠంగుమని తాకింది. బుస్సుమంటూ నీళ్ళు గల్లీ పైకి లేచాయి.

పైపు పగిలింది. ఆ రోజు నీళ్ళు వదిలే రోజు. ఆ లైనుకు నీళ్ళు ఎప్పుడో ఒకసారి గానీ రావు. అవి కళ్ళ ముందు బురదపాలవుతుంటే చూస్తూ నిలబడడం ఏ కేజీఎఫ్ మనిషి వల్లా కాదు. ఒక్క నిమిషం ఎవరూ కదల్లేదు. తర్వాత టీచరు, "బిందెలు!" అంది. అంతే, రక్షించడానికి వచ్చిన దండంతా ఇళ్ళలోకి పరుగు తీసింది. మంగళ కూడా కన్నీళ్ళు తుడుచుకుంటూ రెండడుగులు ఇంటివైపు వేసి, సిగ్గుపడి ఆగి, మళ్ళీ వెళ్ళింది.

ప్రహ్లాద మళ్ళీ బక్కెట్టెక్కి చూశాడు. గల్లీలో సొన్నప్ప ఒక్కడే మిగిలాడు. నీళ్ళు బొరియలోకి సుడి తిరుగుతూ పోతున్నాయి.

"నీళ్ళు లోపలికి పోతా ఉండాయి! మునిగిపోతాడప్పా!" సొన్నప్ప గడ్డపార పారేశాడు. తువ్వాలు బొరియలో కుక్కాడు, చాలలేదు. చొక్కా విప్పి కుక్కాడు, అదీ చాలలేదు. చివరికి ఆ ముసలాయన బురదలో బోర్లా పడుకుని, తన ఛాతీతో బొరియను మూశాడు.

"ప్రహ్లాదప్పా, ఊపిరి బిగబట్టుకో! నేనుండాను!"

ఇన్నేళ్ళుగా నాలుక చివర ఇరుక్కున్న పేరు అప్పుడు దానంతటదే ఊడిపడింది.

"సొన్నప్పా!"

సొన్నప్ప చెవిని నేలకు ఆనించాడు. "చెప్పప్పా, వినపడ్తా ఉండాది! ఎంత లోతులో ఉండావు?"

"కింద కాదు. పైకి చూడు."

సొన్నప్ప బురద మొహం ఎత్తి చూశాడు. వెంటిలేటరులో ప్రహ్లాద తల కనిపించింది, నున్నగా దువ్వుకుని, బొట్టు పెట్టుకుని.

"ఎప్పుడు పైకొస్తివి?" అన్నాడు సొన్నప్ప నమ్మలేక.

"నేను దిగలేదప్పా."

"దిగినావు. నీ మేకు ఖాళీగా ఉండాది."

"ఈడ ఉండాను గదా, కనపడల్లేదా?"

"కనపడేది లెక్కకు రాదు. బిళ్ళ లేకపోతే కిందుండేట్లే అని నువ్వే చెప్తా ఉంటివి గదా" అన్నాడు సొన్నప్ప మొండిగా. మాట పూర్తయ్యాక గానీ ఆయనకు నవ్వూ ఏడుపూ కలిసి రాలేదు.

బిందెలు, బక్కెట్లు, ఒక బొంతల పెట్టెతో సహా జనం తిరిగొచ్చారు. పైపు చుట్టూ వరుస కట్టారు. అప్పుడే గల్లీ మొదట్లో రక్షిత, ఆమె వెనక తెల్లకోటులో డాక్టరమ్మ కనిపించారు.

"బోర్డు చూసినాము" అంది డాక్టరమ్మ. "శానా నిండుగా ఉండాది, ఒక్క మేకు తప్ప. దీన్ని చూసుకునే సార్ ఎవురు?"

లైనంతా చేతులెత్తి వెంటిలేటరును చూపించింది.

ప్రహ్లాద ఆ చిన్న కిటికీలోంచి డాక్టరమ్మకు నమస్కారం పెట్టబోయాడు. చెయ్యి పట్టలేదు. ఆయన మంగళ మొహం చూశాడు, బురదలో తడిసిన సొన్నప్ప మొహం చూశాడు. ఆ హీరో వేషం ఇంకో నిమిషం కూడా మొయ్యలేననిపించింది.

"అమ్మా, ముందు ఒక మాట చెప్పేయాల. సొన్నప్పా, నేను నీ కోసం వెతకలేదప్పా. నీ మేకు ఖాళీగా ఉంటే, రూలు ప్రకారం నీ తలుపు తట్టి ఎట్లుండావని అడగాల. అడిగేదానికి నాకు మొహం లేకపోయె. బోర్డు నిండుగా కనపడాలని నా బిళ్ళ తీసి నీ మేకుకు తగిలిచ్చినాను. నువ్వు తలుపు తీసే శబ్దం విని వచ్చి ఈడ దాక్కున్యాను. గడియ ఇరుక్కున్యాది. అంతే."

ప్రహ్లాద కళ్ళు దించుకున్నాడు. ఇన్నేళ్ళ మౌనం ఇప్పుడు మళ్ళీ మొదలవుతుందని, ఈసారి అది తన చావుదాకా ఉంటుందని ఆయనకు అనిపించింది. బోర్డు కంటే, డాక్టరమ్మ కంటే ఆ సంగతే ఎక్కువ బాధపెట్టింది.

సొన్నప్ప బొరియ మీద నుంచి లేచాడు. ఛాతీ మీది బురద చేత్తో తుడుచుకున్నాడు.

"నేనూ ఒక మాట చెప్పాల. నేను బిళ్ళ తగిలిచ్చేది మర్చిపోలేదు."

"అట్లంటే?"

"కావాలనే తగిలీలేదు." సొన్నప్ప పిల్లాడిలా నేలకేసి చూశాడు. "ఇంట్లో ఆమె లేదు. మాట్లాడేదానికి గోడ తప్ప దిక్కు లేదు. మేకు ఖాళీగా ఉంటే రూలు ప్రకారం నువ్వే గదా వచ్చి తలుపు తట్టాల. నేనుగా పిలిస్తే నాకు చిన్నతనం, రూలు పిలిస్తే ఎవురికీ చిన్నతనం కాదు. రెండు లోటాలు కాఫీ పెట్టుకోని పొద్దన్నుంచీ తలుపు ఎనకనే కూచోనుండాను."

ప్రహ్లాద కళ్ళద్దాల మీద ఆవిరి కమ్మింది. తలుపు మీదికి చెయ్యెత్తి దించేసిన ఆ క్షణంలో, అవతల చేతికందే దూరంలో రెండు లోటాలతో మనిషి కూర్చుని ఉన్నాడన్నమాట.

"కాఫీ చల్లారిపాయెనా?" అని అడిగాడు చివరికి.

"వేడి చేసీ చేసీ కషాయం అయ్యింటాది."

"పర్వాలేదు. తలుపు తీయి, తాగుతాను."

సొన్నప్ప పెరటి వైపు నుంచి ప్రహ్లాద ఇంటి గడప దాటబోయి టక్కున ఆగాడు. "ఒకరి గడప ఒకరు తొక్కకూడదు, రూలు."

"ఆ రూలు పెట్టినవాడు స్నానాల గదిలో ఉండాడు, పోప్పా!" అంది మంగళ. సొన్నప్ప ఒక్క తన్ను తన్నాడు. గడియ తలుపుతో సహా ఊడి వచ్చింది. ఇద్దరూ కౌగిలించుకోబోయారు గానీ, డాక్టరమ్మ, "దూరం! దూరం!" అని అరిచేసరికి చేతులు చాచుకుని అలాగే నిలబడిపోయారు. ఊడిన గడియను మంగళ చేతిలోకి తీసుకుని, మొగుడి మొహం ముందు ఊపింది.

డాక్టరమ్మ పైపు దగ్గరి బిందెల వరుసను, తవ్విన గుంతను, గల్లీలో దొర్లిన మామిడికాయలను ఒకసారి చూసింది.

"నిండిన మేకులు చూసేదానికి వచ్చినాను గానీ, ఒక మేకు ఖాళీ అయితే ఇంతమంది గడ్డపారలు ఎత్తుకోని వచ్చినారే, నాకు కావాల్సింది అదే" అంది. "రక్షితా, అన్ని లైన్లలోనూ ఈ బోర్డు పెట్టిద్దాము. పైపు బాగు చేసేవాళ్ళకు కూడా ఫోను చెయ్యి."

ఆ సాయంత్రం పాత స్నేహితులిద్దరూ ఎవరి గడప మీద వాళ్ళు కూర్చుని, మధ్యలో మంగళ గీసిన ముగ్గు పిండి గీతకు అటూ ఇటూ కాఫీ తాగారు. ఆవు కథ మొదటి నుంచీ మళ్ళీ చెప్పుకున్నారు. దూడ పెయ్యా, కోడెనా అన్న దగ్గర చిన్న గొడవ కూడా పడ్డారు.

మర్నాడు ఎనిమిదింటికి సొన్నప్ప మేకు ఖాళీగా ఉంది. ప్రహ్లాద లోటా పట్టుకుని వెళ్ళి తలుపు తట్టాడు. ఆ మర్నాడు టీచరు మేకు కూడా ఖాళీ. కంగారుగా వెళితే, ఆమె తలుపు తీసి, "ఊరికేనే, కూచోండి, మాట్లాడదాము" అని వాకిట్లో కుర్చీ వేసింది. తర్వాత అనంత్ మేకు, ఆ తర్వాత మంగళ మేకు కూడా ఖాళీ కావడం మొదలైంది. భార్యాభర్తలకు ఒకటే మేకు కదా అంటే, తనకు వేరే మేకు కొట్టించుకుని మరీ ఖాళీగా ఉంచింది.

లాక్‌డౌన్ ఎత్తేశారు, అంగళ్ళు తెరిచారు, కొత్త పైపు వచ్చింది, కొత్త గడియా వచ్చింది; ప్రహ్లాద బోర్డు మాత్రం ఆ తర్వాత ఒక్కరోజు కూడా నిండలేదు.